ఓడకిచ్చిన చెవులు

మా ఇంట్లో మెల్లగా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరైనా గొంతు తగ్గిస్తే జ్వరం వచ్చిందేమోనని నుదురు ముట్టుకుని చూసేవాళ్ళం. నరసరావుపేటలో మా నాన్నది డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. ముందువైపు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో ఒక రేకు తలుపు. పొద్దున్నే ఆ తలుపు అవతల ఏదో ఒక ఇంజను మొదలయ్యేది, సాయంత్రం నమాజు వేళకు ఆగేది. దాని మీదుగా మాట వినపడాలంటే అరవాల్సిందే. అన్నం పెట్టమన్నా అరుపే, కూర బాగుందన్నా అరుపే. కొత్తగా వచ్చినవాళ్ళు మేం కొట్టుకుంటున్నామని అనుకునేవాళ్ళు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆమె గొంతు నాకు గుర్తు లేదు గానీ, అదీ గట్టిదే అయ్యుంటుంది. లేకపోతే ఆ ఇంట్లో కాపురం చేసేది కాదు.

మేం ముస్లిములమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాన్నను నాన్నా అనే పిలుస్తాం, అన్నను అన్నా అనే. అరబ్బీ నమాజుకు, ఉర్దూ పెళ్ళిళ్ళలో చుట్టాల ముందు బడాయికి. నా గొంతు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది మగగొంతని స్కూల్లో పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు నేనే ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. పక్క క్లాసు పిల్లలు కూడా నా లెక్కలే రాసుకుంటారని మా టీచర్లు నవ్వుతారు.

నాన్న పనికి పెద్ద పరికరాలేవీ లేవు. పాతకాలం ఆయిలింజనైనా, ట్రాక్టరైనా, వరికోత మిషనైనా ముందు దాన్ని నడపమనేవాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఒత్తిపెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అక్కడ కాసేపు, ఇక్కడ కాసేపు. తర్వాత కళ్ళు తెరిచి "బేరింగు ఏడుస్తంది" అనో, "నాజిలు మింగలేకపోతంది" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే చాలాసార్లు అదే అయ్యేది. అప్పుడప్పుడూ తప్పేది కూడా. తప్పినప్పుడు ఇంజను అబద్ధమాడిందనేవాడే గానీ తన చెవిదే తప్పని ఒప్పుకునేవాడు కాదు.

ఆ విద్య అన్నకు వచ్చింది. నాకు రాలేదు. ఆడపిల్లకెందుకని నాన్న నేర్పలేదు. నేనే ఒకసారి ఎవరూ చూడకుండా స్క్రూడ్రైవరు పెట్టుకుని విన్నాను. పళ్ళు జలదరించాయి తప్ప ఏ ఏడుపూ వినపడలేదు. అన్న మాత్రం మీసం రాకముందే నాన్న పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. షెడ్డులో ఎవరైనా చప్పుడుకు తట్టుకోలేక చెవుల్లో దూది పెట్టుకుంటే నాన్న ఆ దూది లాగి పారేసేవాడు.

"చెవులు మూసుకుని ఇంజను కాడికి పొయ్యేవాడు మేస్త్రీ కాదురా, బరువులు మోసేవాడు" అనేవాడు.

అప్పటికే ఆయనకు సగం వినపడేది కాదు. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. అన్నానికి పిలవాలంటే రేకు తలుపు మీద గరిటెతో కొట్టేవాళ్ళం. అది వయసు అనుకున్నాం. ఇంజను పెడితే మాత్రం బాగానే వినేవాడు కదా, చెవులు పోయాయని ఎవరనుకుంటారు.

డిప్లొమా అవగానే అన్న నేవీలో చేరాడు. పల్నాడులో పుట్టినవాడికి సముద్రంతో పనేందని చుట్టాలంతా నవ్వారు. నిజమే, మాకు తెలిసిన నీళ్ళు సాగర్ కాలువకు వదిలితే వచ్చేవి, వదలకపోతే రానివి. అమరావతి దగ్గర నిండుగా ఉన్న కృష్ణను చూసి సముద్రం ఇంతకంటే పెద్దదా అని అడిగిన రకం మేం. అన్నకు ఈత కూడా అక్కడికెళ్ళాకే సరిగ్గా వచ్చింది. ఇంజన్ల విభాగంలో వేశారు. కొన్నేళ్ళు ఏవేవో ఓడల మీద, వర్క్‌షాపుల్లో తిరిగాక, విశాఖపట్నంలో ఒక ఓడకు పంపారు. అది మొదలు ఆయన ఫోన్లో వేరే సంగతి మాట్లాడటం మానేశాడు.

అది పెద్ద ఓడ కాదు. పెద్ద యుద్ధనౌకలకు లోతు కావాలి, అవి నడిసముద్రానికి పోతాయి. ఇది తీరాన్ని అంటిపెట్టుకుని, లోతు తక్కువున్న నీళ్ళల్లో తిరిగేది. ఒడ్డు దాకా నక్కి వచ్చే జలాంతర్గాములను పసిగట్టడం దాని పని.

"పెద్దయి రాలేని చోటికి మేం పోతాం" అన్నాడు అన్న, ఆ ఓడను తనే కొన్నట్టు. "దీనికి వెనక రెక్కల చక్రం లేదు నాన్నా. కిందనుంచి నీళ్ళు పీల్చి ఎనక్కి చిమ్ముద్ది. ఆ ఊపుకు పోద్ది."

"అంటే బోరు మోటరే గదరా" అన్నాడు నాన్న. "చేలో పొయ్యాల్సిన నీళ్ళు సముద్రంలోనే పోస్తంది."

ఓడ అడుగున ఒక చెవి ఉంటుందని కూడా చెప్పాడు అన్న. అది నీళ్ళల్లోని చప్పుళ్ళను వింటూ పోతుందట. లోతు నీళ్ళల్లో కంటే ఒడ్డు దగ్గర వినడమే కష్టమట. అలల హోరు, చేపల పడవలు, నేలకు తగిలి తిరిగొచ్చే చప్పుళ్ళు అన్నీ కలిసిపోయి, శబ్దం వస్తుంది గానీ అదేంటో తెలియదట. నాన్నకు ఆ మాట బాగా నచ్చింది. షెడ్డుకు వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, మా వాడి ఓడకు కూడా చెవులున్నాయని.

ఆ ఓడను మేమిద్దరం ఒకసారి ఎక్కాం. పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళను ఎక్కించుకుని సముద్రంలో కాసేపు తిప్పి తెచ్చే రోజొకటి ఉంటుంది. నాన్న రంజాన్‌కు కుట్టించిన తెల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఓడ కదిలిన కాసేపటికే నేను రెయిలింగు పట్టుకుని వాంతులు చేసుకుంటూ ఉంటే, ఆయన మాత్రం గాలి పీల్చి, "మన షెడ్డు వాసనేనే" అన్నాడు సంబరంగా. అందరూ దూరంగా కొండను, డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌసును ఫోన్లలో తీసుకుంటుంటే, ఆయన ఇనప గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

అన్న పై ఆఫీసరు మంచివాడు. ముసలాయన ముచ్చట చూసి, ఇంజన్ రూం గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు చెవులకు పెట్టుకునే మఫ్‌లు ఇచ్చాడు. నేను పెట్టుకున్నాను. నాన్న వాటిని పెట్టుకున్నట్టే పెట్టుకుని, తలుపు తెరవగానే తీసి చేతిలో పట్టుకున్నాడు, పెద్దమనిషి ముందు తలపాగా తీసినట్టు. లోపల చప్పుడు ఎలాంటిదో నేను చెప్పలేను. మఫ్‌లు ఉన్నా అది గుండెల్లో వినపడింది. మా షెడ్డులోని ఇంజన్లన్నీ దాని ముందు చంటిపిల్లలు.

అక్కడ అన్న పనిలో ఉన్నాడు. ప్రతి ఇంజనుకూ మీటర్లున్నాయి, తెర మీద అంకెలు కదులుతున్నాయి. వాటిని చూసి రాసుకుంటే చాలు. అన్న వాటిని చూశాడు, రాసుకున్నాడు. తర్వాత ఒకవైపు మఫ్ పైకెత్తి, పొడవాటి ఉక్కు కడ్డీ ఒకటి ఇంజనుకు ఆనించి, రెండో కొసను చెవి ముందున్న ఎముకకు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరు వేలితో తన చెవి చూపించి, తప్పన్నట్టు తల ఊపాడు. అన్న నవ్వి మఫ్ సర్దుకున్నాడు. ఆఫీసరు మావైపు తిరగ్గానే మళ్ళీ ఎత్తాడు.

నాన్న నన్ను మోచేత్తో పొడిచాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ గర్వంగానే అనిపించింది. ఇంటికొచ్చాక వారం రోజులు అదే కథ. అంత పెద్ద సర్కారు ఓడలో కూడా చివరికి మన ఇంటి విద్యే పనికొచ్చిందని, మీటరు కంటే చెవే ముందు చెప్తుందని, టీ తాగడానికి ఆగిన లారీ డ్రైవర్లకు కూడా చెప్పాడు.

అన్నకు మాచర్ల సంబంధం కుదిరింది. వదిన వాళ్ళ నాన్న దర్జీ. వాళ్ళింట్లో కుట్టుమిషన్ చప్పుడు తప్ప మరోటి లేదు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు మేం మాట్లాడుతుంటే వాళ్ళు ఉలిక్కిపడటం, వాళ్ళు మాట్లాడుతుంటే మేం ముందుకు వంగడం, అదొక తమాషా. వదిన గొంతు ఎంత సన్నమంటే, పక్కనే కూర్చుని వింటేనే మాట. అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానని పెదాలతో చెప్పేది. మా రేకు తలుపు ఇంట్లో ఆమె మాట ఎవరికీ చేరేది కాదు. అందరం కలిసి ఆమెకు నోట్లో నాలుక లేదని తీర్మానించాం.

పెళ్ళయ్యాక కొన్నాళ్ళు విశాఖపట్నంలో అన్న దగ్గర ఉంది. మూడు నెలలకొకసారి వచ్చినప్పుడల్లా ఇంకొంచెం తక్కువ మాట్లాడేది. అన్న మామూలే, మాతో పాటు అరుస్తూ, నవ్వుతూ, నాన్నతో ఇంజన్ల గురించి వాదిస్తూ ఉండేవాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూసింది తక్కువ. కొత్త దంపతులు, మన ముందు సిగ్గులే అనుకున్నాను. మా ఇంట్లో అందరూ గట్టిగానే మాట్లాడతారు గనక అన్న గట్టిగా మాట్లాడటంలో వింత లేదు. మా ఇంట్లో అందరూ ఒకటికి రెండుసార్లు "ఏందీ" అంటారు గనక ఆయన అనడంలోనూ వింత లేదు. ఇంకో ఇంట్లో అయితే ఎప్పుడో తెలిసిపోయేది.

తొలి కాన్పుకు వదిన మాచర్ల వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. అన్న సెలవు పెట్టి వచ్చాడు, నాన్నా నేనూ పేట నుంచి వెళ్ళాం.

మాలో బిడ్డ పుట్టగానే కుడిచెవిలో అజాన్ చెప్తారు. లోకంలోకి వచ్చిన బిడ్డ వినే మొదటి మాట అదే కావాలని. మసీదు మైకులో పిలిచినట్టు కాదు. చెవి దగ్గర నోరు పెట్టి, బిడ్డ నిద్ర చెదరనంత మెల్లగా చెప్పాలి. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్తారు ఎక్కువగా. ఆరోజు అందరూ నాన్న వంక చూశారు. నాన్న బిడ్డను తీసి అన్న చేతుల్లో పెట్టాడు.

"నీ బిడ్డ, నువ్వే చెప్పుకో" అన్నాడు.

అన్న చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. వదిన మంచం ఆయన వెనక ఉంది. నేను వదిన తల దగ్గర ఉన్నాను. ఆయన బిడ్డ చెవికి పెదాలు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "అల్లాహు అక్బర్" అన్న మొదటి పలుకుకే వార్డులో పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. అది చెవిలో చెప్పే మాట కాదు, మినారు మీద నుంచి పిలిచే పిలుపు. బిడ్డ ఒక్కసారిగా చేతులు విదిలించి, ఎర్రబడి, గుక్కపట్టింది. అన్న ఆపలేదు. ఎంతో ప్రేమగా, తలను ఇంకా దగ్గరికి చేర్చి, అదే గొంతుతో రెండోసారి అన్నాడు.

"ఏమండీ, మెల్లగా" అంది వదిన.

నాకు వినపడింది. ఆయన తిరగలేదు.

"ఏమండీ."

మూడోసారి కూడా పిలిచింది. ఆయన వీపు వైపు చూస్తున్న వదిన ముఖంలో విసుగు లేదు, కోపం లేదు. పిలిస్తే పలకరని తెలిసినవాళ్ళు ఎలా పిలుస్తారో అలా పిలిచింది. అప్పుడు నేను మొదటిసారి ఆమె ఉన్న వైపునుంచి మా అన్నను చూశాను.

బిడ్డ కాళ్ళు తన్నుకోవడంతో ఆయన కళ్ళు తెరిచాడు. అందరి ముఖాలూ చూసి బెదిరిపోయాడు.

"ఏంది? తప్పు చదివానా?" అన్నాడు.

నాన్న బిడ్డను తీసుకుని, భుజాన వేసుకుని సముదాయించి, మిగతా అజాన్ తనే చెప్పాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఈయనకు ఇనపడదా?" అని అడిగింది. అన్న మంచానికి బారెడు దూరంలోనే ఉన్నాడు. ఆ మాట కూడా ఆయన చెవిన పడలేదు. "పెళ్ళయిన కాడ్నుంచీ అంతే. పిలిస్తే పలకడు. నేనంటే ఇష్టం లేదనుకున్నా. మనసులో ఇంకెవరన్నా ఉన్నారేమో, ఇంట్లోవాళ్ళ బలవంతం మీద చేసుకున్నాడేమో అనుకున్నా."

అని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా సన్నంగానే ఉంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. పొరుగింట్లో కాదు, మా ఇంట్లో, మా మధ్య కూర్చుని ఆ పిల్ల అన్నాళ్ళు ఒంటరిగా ఉండిపోయింది.

అన్నను ఆసుపత్రి వరండాలోకి లాక్కెళ్ళి అడిగాను. తెలుసా నీకు అని అరిచాను. నా అరుపు మాత్రం ఆయనకు శుభ్రంగా వినపడింది. తెలుసన్నాడు. నేవీలో ఏడాదికోసారి చెవులకు పరీక్ష పెడతారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవుల్లో సన్నటి కూతలు వినిపిస్తారు, వినపడినప్పుడల్లా మీట నొక్కాలి.

"అద్దంలో ఆ టెస్టు చేసేవాడి భుజం కనపడుద్ది" అన్నాడు అన్న. "కూత పంపేటప్పుడు భుజం కదులుద్ది. కదిలినప్పుడల్లా నొక్కేవాణ్ణి."

"ఎందుకురా?" అన్నాడు నాన్న. ఆయన మా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"తెలిస్తే ఓడ దింపేస్తారు నాన్నా."

నాన్న ముందుకొచ్చి అన్న చెవుల వంక చూశాడు. తర్వాత, "చెవులకు పెట్టుకోను ఇచ్చారు గదా. పెట్టుకోమని చెప్పలా వాళ్ళు?" అన్నాడు.

"చెప్పారు. చానాసార్లు చెప్పారు. మూసుకుంటే ఇంజను మాట ఇనపడదు గదా" అన్నాడు అన్న. నాన్నను తప్పుపట్టాలని అనలేదు. చిన్నప్పుడు నేర్చుకున్న ఎక్కం అప్పజెప్పినట్టు అన్నాడు. నాన్న గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

నాకు నాన్న మీద కోపం రాలేదు. చిన్న ఇంజన్లతో బతికినవాడు, తన ఆస్తి అనుకున్న ఒకే ఒక్కదాన్ని కొడుక్కిచ్చాడు. అది అంత పెద్ద ఇంజను ముందు పెట్టకూడనిదని ఆయనకేం తెలుసు. వచ్చిన కోపమంతా ఆ ఓడ మీద వచ్చింది. ఇనుమును తిట్టి ఏం లాభం, అయినా తిట్టుకున్నాను.

అన్న తనంతట తనే వెళ్ళి చెప్పేశాడు. విశాఖపట్నంలో నేవీ ఆసుపత్రికి నాన్నా నేనూ కూడా వెళ్ళాం. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. పెద్ద చప్పుడుకు చెవి లోపలి సన్నటి నూగు రాలిపోతుందట, మళ్ళీ మొలవదట. ముందు పోయేవి సన్నటి శబ్దాలు. అంటే ఆడవాళ్ళ గొంతులు, పసిపిల్లల గొంతులు. బొంగురు గొంతులు, ఇంజన్ల చప్పుడు ఆఖరున పోతాయి. అందుకే నాన్న మాటా, నా మాటా ఆయనకు వినపడుతూ వచ్చాయి.

అన్న ఒక్కటే అడిగాడు. "పాప మాటలు నేర్చేసరికి నాకు ఇనపడుద్దా సార్?"

డాక్టరు చెవికి మిషన్ పెట్టి చూద్దామన్నాడు. నాన్న ముందుకు వంగి, "నా చెవులు తీసి వీడికి పెట్టే వైద్యం ఏదన్నా ఉంటే చూడండి. సగం పనిచేస్తన్నయి ఇంకా" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. తల అడ్డంగా ఊపి, నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

ఓడ దింపేశారు. ఒడ్డు మీద స్టోర్సులో పని ఇచ్చారు. ఓడ బయల్దేరే రోజుల్లో జెట్టీ దాకా నడిచి వెళ్ళి చూసి వచ్చేవాడని వదిన చెప్పింది. చెవుల్లో రేయింబగళ్ళు ఒకటే హోరు. నిద్రలో కూడా ఆగదట.

"ఓడ నేను దిగానే గానీ, అది నా చెవుల్లోంచి దిగలా" అని నవ్వాడొకసారి ఫోన్లో. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒప్పుకున్న సర్వీసు అయిపోగానే పెళ్ళాంబిడ్డలతో నరసరావుపేట వచ్చేశాడు. నా అత్తారిల్లు రెండు వీధుల అవతలే గనక రోజూ వెళ్తాను. షెడ్డు ఇప్పుడు అన్నే నడుపుతాడు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు, తెలియకపోతే విప్పేస్తాడు. స్క్రూడ్రైవరును చెవికి పెట్టుకోవడం నాన్న మానేశాడు. స్క్రూలు తిప్పడానికే వాడుతున్నాడు. ఒకరోజు గుంటూరు నుంచి అన్నకు మంచి మఫ్‌లు కొనుక్కొచ్చాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుందని నోటిదాకా వచ్చింది. ఆయన వాటిని సంచిలోంచి తీసి తుడుస్తున్న తీరు చూసి ఊరుకున్నాను. మన భాషలో చెవిటివాళ్ళ మీద ఎన్ని సామెతలున్నాయో నాకు ఈ మధ్యే తెలిసింది. శంఖం ఊదడం, గోడకు చెప్పుకోవడం, పెడచెవిన పెట్టడం. క్లాసులో పిల్లల మీద రోజూ వాడేదాన్ని. ఇప్పుడు నోరు రాదు.

మిషన్ పెట్టారు. దాంతో లోకంలోని చప్పుళ్ళన్నీ పెరిగాయి. రేకు కింద పడితే ఉలిక్కిపడతాడు, లారీ హారన్‌కు ముఖం ముడుచుకుంటాడు. పాప పలికితే మాత్రం ఏదో పలికిందని తెలుస్తుంది, ఏం పలికిందో తెలియదు. దానికి అచ్చం వదిన గొంతు వచ్చింది, అంతే సన్నం. వదిన ఆయన కోసం గట్టిగా మాట్లాడటం నేర్చుకోవాలని చూసింది. గొంతు బొంగురుపోయి, దగ్గు పట్టుకుని వదిలేసింది. ఇప్పుడు ఎదురుగా వచ్చి, ముఖం చూపించి మాట్లాడుతుంది. ఆయన ఆమె పెదాల వంక చూస్తూ ఉంటాడు. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడూ అలా చూడలేదని ఆమే చెప్పింది, కొంచెం నవ్వుతూ.

పాపకు ఇంకా ఆ కిటుకు పట్టుబడలేదు. నాలుగేళ్ళ పిల్ల, తోచింది తోచినచోట అంటుంది. పరిగెడుతూ, అటు తిరిగి, నోట్లో బిస్కెట్ పెట్టుకుని మాట్లాడుతుంది. ఆయన నావైపు చూసి, "ఏమంటందే?" అని అడుగుతాడు. నేను చెప్తాను. పాప ఏనుగు కావాలన్నా, కడుపు నొప్పన్నా, నాన్నకు ముద్దిస్తానన్నా, ఆయనకు చేరేది నా మగగొంతులోనే. అది మొదట్లో నవ్వులాటగా ఉండేది. పాప నా ఒళ్ళో కూర్చుని, చెప్పు చెప్పు అని నా గడ్డం పట్టుకునేది.

పోయిన శుక్రవారం షెడ్డు మూసి ఉంది. నమాజు నుంచి వచ్చి అన్న గుమ్మం దగ్గర కూర్చుని, నూనె డబ్బా మూత బిగిస్తున్నాడు. నేను వెనక మెట్టు మీద ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. ఏ ఇంజనూ లేదు, వీధిలో కూడా సద్దు లేదు. అంత నిశ్శబ్దం మా ఇంట్లో ఎప్పుడో గానీ ఉండదు. పాప కొత్త గౌను వేసుకుని లోపలినుంచి వచ్చింది, చూపించుకోవడానికి. ఆయన వెనక నిలబడి, "నాన్నా" అంది. గౌను అంచు రెండు చేతుల్తో పట్టుకుని, మళ్ళీ అంది. కాసేపు ఆగి మరోసారి అంది. తర్వాత గౌను వదిలేసి నా దగ్గరికి వచ్చింది. నా భుజం మీద గడ్డం పెట్టుకుని, వాళ్ళమ్మ గొంతుతో అడిగింది.

"అత్తా, నేనంటే నాన్నకు ఇష్టం లేదా?"

అప్పుడు అన్న తిరిగాడు. పాపను చూశాడు, గౌను చూశాడు, ముఖమంతా విప్పారింది. పాప నాతో ఏదో చెప్పిందని ఆయనకు అర్థమైంది.

"ఏమంటందే?" అని అడిగాడు.

చెప్పబోయాను. నోరు తెరిచాను, పెదాలు కదిలాయి. గొంతు రాలేదు.

అన్న నా నోటి వంక చూస్తూ ఉన్నాడు. కాసేపు చూసి, చెవిలోంచి మిషన్ తీశాడు. బ్యాటరీ మూత తెరిచి, తుడిచి, మళ్ళీ బిగించి పెట్టుకున్నాడు. "ఇది మళ్ళా ఆగిపోయిందే" అని, నావైపు ఇంకొంచెం జరిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు.